కుర్చీకి ఒక రాత్రి బస

కోపియపో నుంచి ఇకీకే దాకా
ఎడమ పక్క సముద్రం, కుడి పక్క ఇసుక.
మధ్యలో మా పాత పికప్పు,
వెనక తాళ్లతో బిగించిన మంగలి కుర్చీ.

నాన్న మాట్లాడి రెండొందల కిలోమీటర్లయింది.
అమ్మేశాడు కదా, ఇంకేం మాట్లాడతాడు.
నలభై ఒక్కేళ్లు ఆ కుర్చీ చుట్టూ తిరిగిన మనిషి
ఇవాళ దానికి వీపు పెట్టి కూర్చున్నాడు,
చేతులు తొడల కింద దాచుకుని.
అవి వణుకుతాయని నాకు తెలీదనుకుంటాడు.

చీకటి పడ్డాక కమంచాకా దిగింది.
వాన ఎరగని మా నేలకి ఆ పొగమంచే వాన,
ఒళ్లు తడుపుతుంది గాని దాహం తీర్చదు.
హెడ్‌లైట్లు పాలలో ముంచిన రెండు వేళ్లు.
ఊరి పేరు బోర్డు సగం తుప్పు తినేసింది.
మిగిలిన సగంతో సరిపెట్టుకుని ఆగాం.

ఇరవై ఇళ్లు. ఒక జెట్టీ. ఇళ్లకంటే కుక్కలెక్కువ.
దోన్యా ఒర్తెన్సియా పూటకూళ్లింట్లో
బల్లలు మూడు, మంచాలు రెండు, మెనూ లేదు.
"కొంగ్రియో చేప ఉంది," అంది.
"వద్దన్నా అదే ఉంది."

నూనె ఇంకా చిటపటలాడుతున్న ముక్కలు,
ఉల్లి, టమాటా, మిరప, కొత్తిమీర నూరీ నూరనట్టు కలిపిన పెబ్రే,
చేత్తో విరిచే రొట్టె.
నాన్న ముల్లు తీయలేక తిప్పలు పడుతున్నంతసేపూ
నేను గోడమీది క్యాలెండరు చదివాను.
అది రెండేళ్ల కిందటిది.

ఆవిడ కిటికీలోంచి తొంగిచూసింది.
"ఎవరిదా కుర్చీ? తెల్లారేసరికి ఉప్పుగాలికి పాడైపోతుంది."
నలుగురు జాలర్లు గ్లాసులు దించి లేచి
పెళ్లికొడుకుని మోసినట్టు
కేకలేస్తూ లోపలికి మోసుకొచ్చారు.

పొయ్యి పక్కన ఖాళీ కుర్చీ ఉంటే
ఎవరో ఒకరు కూర్చోక మానరు.
దోన్ ఎలియోదోరో కూర్చున్నాడు.
డెబ్భై దాటాయి. గడ్డం నిండా ఉప్పు,
మాటవరసకి కాదు, ఉప్పే.
"సోమవారం మా ఆవిడ ఆస్పత్రి నుంచి వస్తోంది.
నన్ను ఆనవాలు పట్టాలా వద్దా?"

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.
బల్లమీది గుడ్డ లాగి, రొట్టె పొడి దులిపి,
ఆయన మెడచుట్టూ తిప్పాడు.
ముడి పడలేదు.
ఇంకోసారి. పడలేదు.
ఎవరూ చూడలేదు.
అంత పట్టుదలగా చూడకుండా ఉండడం
నేనెక్కడా చూడలేదు.

"యస్నా," అన్నాడు.
రెండొందల కిలోమీటర్ల తర్వాత మొదటి మాట, నా పేరు.
కోటు లోపలి జేబులోంచి కత్తి తీశాడు.
కుర్చీనే అమ్మాడన్నమాట.

గనిలో నేను మూడొందల టన్నుల లారీ తోలతాను.
దాని చక్రం నాకు రెండు నిలువులు.
లోయ అంచున వెనక్కి తిప్పేప్పుడూ తడబడని చేతులు
ఆ ముసలి గొంతు దగ్గర, బట్టల సబ్బు నురగలో,
చెమటలు కక్కాయి.

నాన్న నా భుజం వెనక నిలబడ్డాడు.
"చర్మం లాగి పట్టు.
ఆయన ఊపిరి వదిలాక గీయి.
వెంట్రుక ఎటు పడుకుంటే అటే పో.
గొంతుముడి దగ్గర మాట్లాడించకు."
ఎలియోదోరో సరిగ్గా అక్కడే మాట్లాడాడు.
బియ్యపు గింజంత నెత్తురు.
"పర్లేదమ్మాయ్, చేపలు ఇంతకంటే కొరుకుతాయి."

అర్ధరాత్రి దీపం తీశాక
పక్క మంచం మీంచి నాన్న చాలాసేపు మాట్లాడాడు.
పెబ్రేలో మిరప తక్కువైందని,
ఎలియోదోరో ఎడమ చెంపన పాత గంటు ఉందని,
నేనది చూసుకోకుండానే తప్పించానని.
జెట్టీ కింద సముద్రసింహాలు దగ్గుతూనే ఉన్నాయి.
నేనెక్కడ నిద్రపోయానో తెలీదు.

పొద్దున దోన్యా ఒర్తెన్సియా
తిండికి తీసుకుంది, మంచాలకి వద్దంది.
గుమ్మంలో గుడ్డ దులిపితే
తెల్ల వెంట్రుకలు గాలికి తిరిగొచ్చి
మా కాఫీలో పడ్డాయి.

కుర్చీ మళ్లీ ఎక్కింది. బేరం బేరమే.
ఇకీకేకి ఇంకా ఆరు గంటలు.
ఈసారి నాన్న చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.
వణుకుతున్నాయి.
"రోడ్డు బాగాలేదు," అన్నాడు.
అవునన్నాను,
నిన్నో మొన్నో వేసిన నల్లటి తారుమీద
బండి నడుపుతూ.