ఇనపచెట్టుకు నీళ్ళు

మీరు మమ్మల్ని మరుగుజ్జులంటారు.
అనండి. మాకు మేం కొలిమివాళ్ళం.
నా పేరు తొర్గిక్. వయసు రెండొందల పదకొండు.
కూబర్ పీడీ సున్నపు గుట్టల్లో
మోకాళ్ళరిగేదాకా ఓపల్ రాళ్ళు తవ్వాను.
ఇప్పుడు తవ్వను. చెబుతాను.

గ్రుండార్ నా జోడీ.
జోడీ అంటే ఒకే తాడుకు రెండు కొసలు.
ఒకడు గోతిలో, ఒకడు గట్టు మీద.
కిందివాడు దగ్గితే పైవాడి గుండె జారాలి.
స్నేహమంటే నాకింతకు మించి తెలీదు.

అడిలైడ్ నుంచొచ్చే రాత్రి బస్సులోంచి
ఒక ఎల్ఫు పిల్ల దిగింది, ఇల్వెన్నా.
ఆకుల్లాంటి చెవులు, భుజాన విత్తనాల సంచీ.
ఊరంతా ఒక చుట్టు చుట్టి అడిగింది:
"చెట్లెక్కడ?"
అందరం నవ్వాం. గ్రుండార్ నవ్వలేదు.
అప్పుడే నాకు అనుమానం తగిలింది.

కథల్లో రాకుమార్తెలు ఏడు మల్లెలెత్తు తూగుతారు కదా,
ఈవిడ ఆరున్నర.
వాడు బూట్లతో కలిపి రెండు బస్తాల సిమెంటు.
"ముద్దెలా పెడతావురా?" అన్నాను.
"ఇంట్లో మెట్లున్నాయిగా," అన్నాడు, సిగ్గన్నది లేకుండా.

పెళ్ళి దగ్గర పేచీ.
మా పద్ధతిలో పెళ్ళికూతురు సుత్తి పట్టి
తన గదికి తొలి దెబ్బ తనే కొట్టాలి.
కొట్టింది. గోడకు గీటు కూడా పడలేదు,
నా బొటనవేలు మాత్రం పగిలింది.
వాళ్ళ పద్ధతిలో ఇద్దరూ కలిసి చెట్టు నాటాలి,
దాని నీడలో మాటివ్వాలి.
నలభై ఏడు డిగ్రీల ఎండ.
నాటిన గింజ నాటినట్టే వేగిపోయింది.

మూడు రాత్రులు గ్రుండార్ అయిపు లేడు.
నాలుగోనాడు గుట్ట మీద ఇనుము నిలబడింది.
కాలిపోయిన లారీ చాసిస్ మాను,
సైలెన్సర్ గొట్టాలు కొమ్మలు.
టాస్మానియా అడవుల్లోంచి వచ్చిన మేనత్త
"ఇదా చెట్టు!" అని మూతి తిప్పింది.
ఇల్వెన్నా ఇనుముకు చెవి ఆనించింది.
చాలాసేపు.
లోపల ఎండకు సాగుతున్న లోహం టిక్కుమంది.
"చెట్టే," అంది.
అంతే పెళ్ళి.

ఆకాశం లేకపోతే ఆవిడకు నిద్ర పట్టదు,
ఆకాశం ఉంటే వాడికి పట్టదు.
నూరేళ్ళు అదే తగువు.
చివరికి మంచం మీదికి వాడొక గొట్టం తవ్వాడు,
మూడు నక్షత్రాలు పట్టేంత.
ఇద్దరూ సగం సగం నిద్రపోయారు.

పొద్దున్నే ఆవిడ మిషన్లో నాణెం వేసి
బకెట్టు నింపి గుట్టెక్కేది.
"తాగే నీళ్ళు ఇనుముకా!" అని తిట్టేవాణ్ణి.
"పెళ్ళినాడు నాటినదానికి నీళ్ళు మానేస్తే
మా వాళ్ళు దాన్నే విడాకులంటారు," అనేది.

పోయిన చలికాలం వాడు పోయాడు.
నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు.
ఛాతీ నిండా మేం తవ్విన ధూళే.
తాడు ఈ కొస నా చేతిలోనే ఉంది,
ఎక్కడ పెట్టాలో తెలీలేదు.
ఆవిడ ముందు ఇంకా వెయ్యేళ్ళున్నాయి.
బస్సెక్కి పోతుందనుకున్నాను.
ఎవరైనా అదే అనుకుంటారు.

మొన్న తెల్లారి చూస్తే, బకెట్టు, గుట్ట, ఆవిడ.
"వదిలెయ్యమ్మా, అంతా తుప్పు," అన్నాను.
కొమ్మను వేలితో తుడిచి చూపించింది.
ఎర్రటి పొడి.
"తుప్పు కాదు తొర్గిక్, పుప్పొడి."

నాకు కోపమొచ్చింది. ఎందుకో తెలీదు.
ఇంటికెళ్ళి తలుపేసుకున్నాను.
రాత్రంతా నక్షత్రాల్లేని నా కప్పు చూశాను.

ఇవాళ బకెట్టుకు రెండో పక్క నేను పట్టుకున్నాను.
ఆవిడ అంత పొడుగు, నేనింత పొట్టి.
నీళ్ళన్నీ నా వైపే ఒలికాయి, బూట్లు తడిసిపోయాయి.
చెట్టు దాకా చేరింది సగమే.
నాణెం మాత్రం నాదే.