మూడో గడకర్ర

బెడ్‌ఫర్డ్ కాలువ ఆరు మైళ్ళు
స్కేలు పెట్టి గీసినట్టు పోతుంది.
ఈ నేలకి కొండ తెలియదు.
ఇక్కడ పుట్టినవాడికి ఎక్కడమంటే నిచ్చెన, అంతే.

నవంబరు ఆదివారం, గట్టు మీద పన్నెండుమంది.
దుర్భిణి, లేజరు, మూడు గడకర్రలు,
మోరీన్ ఫ్లాస్కులో టీ.
మధ్యలో రాయ్‌స్టన్ సెచెల్,
యాభైతొమ్మిదేళ్ళవాడు, నా క్లాసులో మూడో బెంచీ.
"భూమి బల్లపరుపు టీచర్, ఇవాళ తేలిపోతుంది.
మూడో కర్ర మీరు పట్టుకుంటారా?
మీరైతే అబద్ధమాడరు," అన్నాడు
కుర్చీ దులిపి వేస్తూ.

వీడికి గ్లోబు చూపించింది నేనే.
పసిఫిక్ మీద సొట్ట ఉండేది దానికి.
పదకొండేళ్ళ సెచెల్ లేచి నిలబడి
"నేల వంగి ఉంటే
మా నాన్న పూడికపడవ
ఎత్తెక్కినట్టు ఎందుకుండదు టీచర్?" అన్నాడు.
జవాబు నాకు తెలియలేదు.
తెలియదనడం చేతకాలేదు.
"నీ బుర్ర ఒక్కటే బల్లపరుపు, కూర్చో" అన్నాను.
ముప్ఫైమంది నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తరవాతి మార్చిలో
గట్టు నిలుస్తుంది, పడుకోండి అన్నారు పెద్దవాళ్ళు.
తెల్లారేసరికి వాళ్ళమ్మ మంచం
దుంపల పొలంలో దొరికింది.
గ్లెనిస్ సంగతి మోరీన్ చెప్పింది నాకు:
నడుంనొప్పి, వయసు, అన్నాడు డాక్టరు,
మళ్ళీ అన్నాడు, మళ్ళీ అన్నాడు,
ఇంకోసారి అనడానికి ఆమె మిగల్లేదు.
ఆ ఏడాది చలికాలమంతా రాయ్‌స్టన్
రాత్రిళ్ళు తెర ముందు కూర్చున్నాడట.
అక్కడెవరో "నిన్ను మోసం చేశారు" అన్నారట.
ఆ ముక్క ఒకటి నిజమే కదా.
నిజమైన ఆ ముక్కకి
ఎంత పెద్ద అబద్ధాన్నైనా తగిలించొచ్చు,
కొక్కేనికి కోటు తగిలించినట్టు.

పాపం అని ఊరుకోను.
మనవరాలికి టీకా వద్దన్నాడు,
పిల్ల తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది.
అది క్షమించను.
కానీ వాడి ఫ్రిజ్‌లో వారమంతా ఒక గుడ్డు,
ఆదివారం మాత్రం పన్నెండుమందికి శాండ్‌విచ్‌లు.
పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడని
ఊరంతా నవ్వుతుంది.
నాలుగో కాలు మేమే విరగ్గొట్టామేమో,
ఎవరూ వెతకలేదు.

పొద్దు వాలాక మోరీన్ కారులో
రెండు మైళ్ళ అవతల నన్ను దింపింది.
కర్రకి మోకాలి ఎత్తున నల్ల గీత.
వెలుగు దాని మీదే పడాలి, వాడి లెక్కకి.
సైబీరియా హంసలు గుంపుగా దిగుతున్నాయి,
వాటికి ఈ గొడవ పట్టదు.
వెలుగు వచ్చింది.
పళ్ళెమంత ఎర్ర మరక,
గీతకి చాలా పైన, నా కోటు జేబు దగ్గర
గుండె ఎత్తున వణికింది.

ఫోను మోగింది. "ఎక్కడ పడింది టీచర్?"

ఇన్నేళ్ళకి సరైన జవాబు నా చేతిలో ఉంది,
ఎంత బరువో అది, చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి.
"గీతకి పైన రాయ్‌స్టన్. రెండడుగులకి పైమాటే."

గాలి చప్పుడు. అవతల ఎవరో దగ్గారు.
"మీ చెయ్యి వణికి ఉంటుంది."

"వణుకుతోంది. నువ్వే వచ్చి చూడు.
ఇంకో మాట.
ఆ రోజు పడవ గురించి అడిగావు.
నాకు జవాబు తెలియదురా అప్పుడు."

చాలాసేపు ఏమీ లేదు. ఫోను పోయిందనుకున్నాను.

"తెలుసు టీచర్," అన్నాడు.
"మీరు గ్లోబు తిప్పుతూనే ఉన్నారు."

కాలువ మీద చీకటి సమంగా పడింది.
కర్ర వదల్లేదు నేను.
గట్టు మీద దూరంగా
ఒక టార్చిలైటు కదిలింది.
ఇటు వస్తోందో, కారు దాకా వెళుతోందో
ఇంత చదునైన నేల మీద
చాలాసేపటిదాకా తెలియదు.