సుతిలి ముడి

బండి రాకముందే, తెల్లారగట్ల నాలుగింటికి
సుతిలి తీసి దాని ఎదకు చుట్టి కొలిచిన,
ముందరి కాళ్ళ ఎనుక, జీను పట్టీ పడే కాడ.
కలిసిన చోట ముడేసిన.
దాణా సంచుల మూతి కట్టే సుతిలే అది.
నా దగ్గర అంతకన్న సాక్ష్యం లేదు.

రెండేండ్లు నిండి నెల. పేరు గైమా,
అంటే మబ్బు అని అర్బాబు చెప్పిండు.
దిగ్దాగాల మబ్బు అంటే చుట్టమొచ్చినట్టు,
ఏడాదికి రెండుసార్లు, అది గూడ కూసోదు.

అల్ ఐన్ల పేరున్న ట్రైనరు.
తొంభై రోజులు. సగం పైసలు ముందు.
"మనిషి నెక్కించుకునుడు నేర్పుతడు లింబాద్రీ,
ఇక్కడుంటె నీ ముద్దుకు పాడైతది" అని నవ్విండు.
కావచ్చు.
నేను నేర్పింది ఏమున్నది,
కాలెత్తుమంటె ఎత్తుడు,
పేరు పెట్టి పిలిస్తె నీడలకెళ్ళి లేచి వచ్చుడు.

మోకాలి ఎక్స్‌రే తీసిననాడు నేనే పట్టుకున్న.
ఎముక కొసకు సన్నని నల్లగీత.
"ఇది ఇంక మూసుకోలేదు" అన్నడు మలయాళీ డాక్టరు,
వెలుగు మీద వేలు పెట్టి.
ఆ గీత మీద డెబ్బై కిలోల మనిషి కూసుంటడు,
ఇసుకల గుండ్రంగ, ఒక్క దిక్కే, నలభై చుట్లు.

ఇంతకుముందు సహమ్ అని మగది పోయింది.
వాపసొచ్చినప్పుడు దెబ్బ లేదు, కుంటుడు లేదు,
మూతి మూలకు తెల్లబడ్డ వెంట్రుకలు నాలుగు, అంతే.
ఆగుమంటె ఆగింది, నడువుమంటె నడిచింది,
చూడొచ్చినోళ్ళు శబాష్ అన్నరు.
రాత్రి నేను పిలిస్తె
గోడ దిక్కు మొఖం పెట్టి నిలబడ్డది.
అది తప్పని ఎవరితోని అనాలె?
ఏ ఎక్స్‌రేల పడ్తది?

డ్రైవరుకు చెప్పాల్సినయి చెప్పిన, నాకొచ్చిన హిందీల.
నీలం బకెట్ల నీళ్ళు పోస్తె ముట్టదు, ఎందుకో తెల్వదు.
ఎడమ చెవి ఎనుక చెయ్యి పెట్టొద్దు.
పట్టీ ఒక్కసారే గుంజొద్దు, ఒక్క బెజ్జానికి ఒక్క ఊపిరి.
పెషావరు మనిషి. తలూపిండు,
టైర్లు తన్ని చూసుకున్నడు.

తల్లి మూడు రాత్రులు పిలిచింది.
నాలుగో రాత్రి మేత తిన్నది.

వారానికో వీడియో. పదకొండు సెకండ్లు.
అర్బాబు నడక చూసెటోడు, నేను చెవులు.
ఒకదాంట్ల చివరికి, ఫోను కిందికి వాలినప్పుడు,
నీలం అంచు కనబడ్డది.
తొమ్మిదిసార్లు చూసిన. గోడ కావచ్చు. పైపు కావచ్చు.

శుక్రవారం గడ్డి లారీ ఎక్కి పోయిన.
సూడాన్ పోరడు ఇద్రిస్, పదహారు గుర్రాలకు ఒక్కడు,
"కొట్టలేదు, ఒట్టు" అన్నడు, నేను అడగకముందే.
నమ్మిన.
కొట్టకుంట గూడ చాన అయితయి.

జేబులకెళ్ళి సుతిలి తీసి చుట్టిన.
ముడి కాడ నాలుగు వేళ్ళ వదులు.

నల్ల రబ్బరు తొట్టి కడిగి నీళ్ళు పోసిన.
మొదలు నా అంగీ వాసన చూసింది, ఆనక నీళ్ళు.
గుటకలు లెక్కపెట్టిన, ముప్పై ఒకటి దాక,
ఆ మీద లెక్క తప్పింది.
"నాకెవరు చెప్పలేదు" అన్నడు ఇద్రిస్.
డ్రైవరు కాగితాలు మాత్రం అప్పజెప్పిండట.
కాగితంల దాని తాత పేరున్నది, ముత్తాత పేరున్నది.

ఫోను చేసి నాలుగు వేళ్ళ సంగతి చెప్పిన.
అర్బాబు కొంచెంసేపు ఏమనలేదు.
"ఇంక ఇరవై రెండు రోజులే కద" అన్నడు, మెల్లగ,
నన్నే అడిగినట్టు.

సుతిలికి రెండో ముడి వేసిన. మొదటిది విప్పలేదు.
లారీ హారన్ కొడుతున్నది.
గేటు దాక వచ్చి ఆగిన గాని
పేరు పెట్టి పిల్వలేదు.
వస్తదో రాదో, ఆ ఒక్క కొలత
ఇయ్యాల తియ్యబుద్ధి కాలేదు.