తేలు మీద వాచీ

ఎర్రగుంట్ల దాటినాక నాపరాతి గని.
పది గంటలకే బండలు పెనం లెక్క కాలుతున్నాయి.
నా సంచీలో నాలుగు పట్టీలు, ఒక ఛాతీ బెల్టు,
అచ్చొత్తిన పట్టిక: మణికట్టు, జబ్బ, కణత, చెవితమ్మె.
ఏ చోట గుండె ఎంత నిజంగా దొరుకుతుందో
రాసుకుపోవడం నా పని.

సుంకులమ్మ ఎడంచెయ్యి చాచింది.
మణికట్టు మీద తేలు.
పదేళ్లప్పుడు తిరునాళ్లలో పొడిపించుకున్నదంట,
ఏడ్చి చెయ్యి లాక్కుంటే కొండి వంకర పోయిందంట.
ఆ తేలు మీదనే కట్టాను వాచీ.
అడుగున పచ్చ వెలుతురు మిణుకుమంది,
పచ్చబొట్టు దాన్ని తాగేసింది.
తేలు కుట్టిన దొంగ మాదిరి
గమ్మున రెండు గీతలు చూపించి కూర్చుంది వాచీ.
"నాకు గుండెకాయ ల్యాదంటాదా యేమి?"
ఛాతీ బెల్టు తొంభై రెండు అంటోంది.

కుడిచేతికి మార్చాను. సుత్తి పట్టే చెయ్యి.
కూర్చున్నంత సేపూ బుద్ధిగానే చెప్పింది.
ఆమె లేచి బండ అంచు చెక్కడం మొదలెట్టగానే
నూటపద్దెనిమిది. నూటపద్దెనిమిది. కదలదు, మెదలదు.
అనుమానమొచ్చి దెబ్బలు లెక్కపెట్టాను:
నిమిషానికి నూటపద్దెనిమిది.
బెల్టులో నూటనలభై ఒకటి.
వాచీ ఇంతసేపూ సుత్తికి నాడి చూస్తోంది.

జబ్బకు కడితే కాస్త మేలు,
నాలుగైదు అటూ ఇటూ.
కణత మీది పట్టీ చెమటకు జారి చెంపకొచ్చింది.
ఇక చెవి. కమ్మ తియ్యనంది,
"తీస్తే మళ్లీ ఎక్కదు మేడం, బెజ్జం సాగిపోయింది."
కమ్మ పక్కన మిగిలిన గోరంత మెత్తని చోట
క్లిప్పు తగిలించాను.
నూటనలభై. నూటనలభై రెండు. నూటముప్పై తొమ్మిది.
బెల్టు కొంగు పట్టుకుని నడిచింది అంకె.

"ఈ లెక్క మా మేస్త్రీ చూస్తాడా?"
చూడడన్నాను.
"అట్లయితే సరిగ్గా ఉంటే ఎంత, ల్యాకపోతే ఎంత,"
అని నీళ్ల బిందె వైపు పోయింది.

పట్టిక అడుగున సన్నక్షరాల్లో ఒక నియమం ఉంది:
మణికట్టున పచ్చబొట్టు ఉన్నవారిని తీసివేయవలెను.
తీసేస్తే మణికట్టుకు మంచి మార్కులొస్తాయి.
ఈ గనిలో పదకొండు మంది ఆడోళ్లు.
తొమ్మిది మందికి బొట్లు:
తేళ్లు, చుక్కల ముగ్గు, ఒకామెకు అన్న పేరు.

మణికట్టు గడిలో రెండు గీతలు గీశాను.
కొట్టెయ్యలేదు.
పక్కన పెన్సిలుతో తేలును వేశాను.
కొండి నాకూ సరిగ్గా రాలేదు.