డిసెంబరు కాజాలు

ప్రభువా, ఈ నెల నీ దగ్గరికి రాలేదు.
రాలేదంటే రాలేదు, సాకులు చెప్పను.
ఇరవై నాలుగు రోజులుగా
రాజోలు బస్టాండు వెనక సందులో
కరీముల్లా కొట్లో కూర్చుని
చొక్కాలకు కాజాలు కుడుతున్నాను.

సార్వా కోతలై చేతిలో నాలుగు డబ్బులాడగానే
పేటలన్నీ గుడ్డముక్కలు చంకన పెట్టుకుని వచ్చేస్తాయి.
"క్రిస్మస్‌కి కావాలండి" అంటారు,
క్రిస్మస్ ఎప్పుడో నాకు తెలీనట్టు.

మంగళవారం గృహకూడిక పోయింది.
సెమీ క్రిస్మస్ పోయింది;
కోడలు హెప్సిబా కేకు ముక్క కాగితంలో చుట్టి తెస్తే
మీది పువ్వు సగం కాగితానికే అంటుకుంది.
అయ్యగారు దారిలో ఎదురై
"కెజియమ్మగారూ, మందిరంలో కనబడ్డం లేదు" అన్నారు.
ఆయన లాల్చీ నా సంచిలోనే ఉందని చెప్పలేదు.

కాజా అంటే పిల్లలకు తాపేశ్వరం గుర్తొస్తుంది.
నాకు మాత్రం గుడ్డకు పెట్టే చిన్న గాయం;
అది ఇంకా చిరక్కుండా
చుట్టూ ఓపిగ్గా కుట్టుకుంటూ రావాలి.
పొద్దున్నే కరీముల్లా చిన్నకొడుకు
ఇరవై సూదుల్లో దారాలెక్కించి, దిండుకు గుచ్చి, బడికెళతాడు.
నా కళ్ళు ఆ పని మానేసి మూడేళ్ళయింది.
సూదిలో దారమున్నంతసేపూ
ఆ చొక్కా తొడిగే మనిషి పేరు తలుచుకుంటాను.
మెడ దగ్గరి కాజాకు వాడి గొంతు,
రొమ్ము మీద కాజాకు వాడి ఊపిరి.
మూడోదాని దగ్గరికొచ్చేసరికి
మా ఇంటి సంగతులు అడ్డొస్తాయి, మన్నించు.

దింపు తీసే ఏసోబు చొక్కాకు
కింది కాజా దగ్గర రెండు కుట్లు ఎక్కువేశాను,
చెట్టు మీద కాలు జారకూడదని.
"దారం దండగక్కా" అన్నాడు కరీముల్లా.
తను కత్తెర పట్టేముందు
గుడ్డ మీద చెయ్యేసి పెదాలు కదుపుతాడు,
నేనేమన్నా అంటానా?

జూలైలో లంకలు మునిగాయి.
పదకొండు రోజులు ఏటిగట్టు మీద బరకం కింద ఉన్నాం.
మిషను మునిగింది, బియ్యం డబ్బా మునిగింది,
పెళ్ళినాటి ఫొటో ఉబ్బి నా మొహం లేకుండా పోయింది.
ఎవరో పులిహోర పొట్లం చేతిలో పెడితే
ఏమనాలో తోచక "స్తోత్రం" అన్నాను.
ఇంట్లోంచి తడవకుండా వచ్చింది
ఆ ఒక్క మాటే.

ఇప్పుడు చూడు, ఇన్ని చొక్కాలు!
కొలతల పుస్తకంలో
పోయినేడు రాసుకున్న లంక పేర్లన్నీ ఉన్నాయి,
ఒక్కటీ కొట్టివేత లేదు.
పిల్లల పేర్ల పక్కన అంగుళాలు పెరిగాయి కూడా.
ఆ పేజీ మీద కాసేపు చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.
కూడికకు వెళ్ళిన లెక్కలో రాసుకుంటావో లేదో.

నిన్న రాత్రి పదకొండున్నరకు ఆఖరి చొక్కా మడిచాం.
"ఇంక పదండక్కా, పండగ మీదండి బాబూ" అని
కరీముల్లా బండి మీద దింపి వెళ్ళాడు.
మంచు. కాలవ అవతల గ్యాసు బావి మంట
పొగమంచులో ఎర్రగా నానుతోంది.
మందిరంలో కాలు పెట్టే చోటు లేదు,
చెప్పుల పక్కన కూర్చున్నాను.

కానుకలకు అందరూ లేచి ఇటు తిరిగినప్పుడు
చూశాను. వరసలు వరసలు నా కాజాలే.
అయ్యగారి లాల్చీ, ఏసోబు కింది గుండీ...
నెలంతా నేననుకున్న మాటలు
నాకంటే ముందే వచ్చి కూర్చున్నాయి.

అంతలో ముందున్న పిల్లాడి గుండీ వేలాడుతూ కనబడింది.
ఎవరు కుట్టారో అంత అధ్వానంగా!
నేనే.

అయ్యగారు కళ్ళు మూసుకోమన్నారు.
అందరూ మూసుకున్నారు, నేను మూసుకోలేదు.
పమిట చెంగున గుచ్చిన సూదిలో
ఇంకా జానెడు దారముంది.
"కదలకు నాయనా" అన్నాను.
ప్రార్థన పొడుగ్గానే చేశారు,
సరిపోయింది.