నడిగీత

చిలోయె దీవిలో వాన ఆగదు, సన్నబడుతుందంతే.
ఆ సన్నవానలోనే నేను పడవలు కడతాను.
మా నాన్న నేర్పిన మొదటి పని,
నేల మీద సుద్ద దారం లాగి కొట్టడం.
అది నడిగీత. దానికి ఇటెంతో అటంతే.
గోరంత తేడా వచ్చినా
సముద్రం పసిగడుతుంది, అనేవాడు.

ఒతీలియా నెల ముందే పుట్టింది.
అయినా నాలుగున్నర కిలోలు.
మంత్రసాని నమ్మక రెండోసారి తూచింది.
నాలుక నోట్లో ఇమడక పెదవి మీద పడుకుంది.
చెవి తమ్మెల మీద
ఎవరో గోటితో నొక్కినట్టు గీతలు.
బొద్దుగా ఉందని ఊరంతా మురిసిపోయి
బుట్టల నిండా బంగాళాదుంపలు తెచ్చారు.

నెల్దా ఒక సాయంత్రం నీళ్లు పోస్తూ పిలిచింది.
"ఈ కాలు పట్టుకో.
ఇప్పుడు ఆ కాలు."
పట్టుకున్నాను.
నా చేతులకి అబద్ధం రాదు.

ప్వెర్తో మోంత్‌లో డాక్టరమ్మ
కాగితం మీద బొమ్మ గీసింది.
పదకొండో క్రోమోజోమట.
తల్లిదొకటి, తండ్రిదొకటి.
పెరుగు, పెరుగు అనే మాటొకటి
చాలు అనే మాటొకటి.
ఒంట్లో కొన్నిచోట్ల
"చాలు" వినబడలేదట.

ఎవరి తప్పని అడిగాను.
ఆ చలికాలం నేను పూసిన తారు,
నెల్దా మోసిన సముద్రపాచి మూటలు
అప్పటికే లెక్కపెట్టుకుని ఉన్నాను.
ఎవరిదీ కాదంది.
ఎవరిదో ఒకరిదైతే బాగుండుననిపించింది.
చెక్కలో ముడి కనబడితే
తీసేసి వేరే చెక్క వేస్తాం కదా.

మూడు నెలలకోసారి ఫెర్రీ ఎక్కాం.
చల్లని జెల్లీ, చీకటి గది,
పాప పొట్ట మీద నెమ్మదిగా జరిగే యంత్రం.
కాలేయం. ఎడమ కిడ్నీ. కుడి కిడ్నీ.
గడ్డలు రావచ్చు, రాకపోవచ్చు.
రోజూ వల వేసే ఊరి మనిషిని,
ఖాళీగా పైకి రావాలని మొక్కుకున్న వల
అదొక్కటే.

నాలుక తగ్గించే ఆపరేషనయ్యాక
చాన్నాళ్లు ఏమీ పలకలేదు.
పలికిన మొదటి మాట "వద్దు".
దానికి మేం పండగ చేసుకున్నాం.

నెల్దా ఎడమ మేజోడుకి నాలుగు కుట్లు ఎక్కువ వేస్తుంది.
బూట్లు మాత్రం రెండు జతలు కొనాల్సిందే,
ఒక్కో జతలో ఒక్కటే పనికొస్తుంది.
మిగిలిన వాటిలో నేను మేకులు పోసుకుంటాను.
షెడ్డులో వరసగా ఉంటాయి,
చిన్నవన్నీ ఎడమవి,
పెద్దవన్నీ కుడివి.
ఏ సైజు మేకు ఏ ఏడాది బూటులో ఉందో
కళ్లు మూసుకుని చెప్పగలను.

ఎనిమిదేళ్లు నిండాయి, ఇక స్కానింగ్ అక్కర్లేదన్నారు.
నెల్దా ఇంకా క్యాలెండర్‌లో
మూడేసి నెలలకి సున్నాలు చుడుతూనే ఉంది.

మొన్న మరమ్మతుకి ఒక పాత పడవ వచ్చింది.
నాన్న కట్టింది.
ముప్పై ఏళ్లు చేపలు మోసింది,
తుఫానులో ఇద్దరిని ఒడ్డుకి తెచ్చింది.
ఊరికే, అలవాటు కొద్దీ
నడిగీత నుంచి రెండు వైపులా కొలిచాను.
మళ్లీ కొలిచాను.
ఎడమ వైపు సెంటీమీటరున్నర ఎక్కువ.

టేపు రెండో కొస పట్టుకుని
ఒతీలియా వానలో నిలబడి ఉంది.
"ఎంత?" అంది.
చెప్పాను.
"నాకంటే తక్కువే," అని
టేపు వదిలేసింది.