ఖాళీ పళ్ళెం

కొండితోపులో మూడడుగుల వెడల్పు దుకాణం.
లోపల జయవేలు నాయుడు, అరవై ఎనిమిదేళ్ళు,
ఒళ్ళో తిరగేసిన కాటా.
బ్యాంకు తరఫున విచారణకి వెళ్ళాను నేను.
ఎలక్ట్రానిక్ వాటిని బాగుచేసే పనిముట్లకి
లక్షన్నర అప్పు అడిగాడు.
నా చేతిలో ఫారం, దాని మీద వాన చుక్కలు.

నెలకెంత వస్తుంది?
"ఆడి మాసంలో ఏమీ రాదు" అన్నాడు.
మిగతా నెలల్లో?
ఇనప గుండు అడుగున గుంటలో సీసం పోసి
అది చల్లారేదాకా
నా ప్రశ్నని చేత్తో ఆగమన్నాడు.

ఇంతలో కాశిమేడు నించి చేపల టోకు మనిషి,
మెడలో లావుపాటి గొలుసు, నీళ్ళోడుతున్న గొడుగు.
కాటా బల్ల మీద పెట్టి గొంతు తగ్గించాడు:
కిలోకి యాభై గ్రాములు. ఎవరికి కనబడుతుంది?
ఐదు వేలు, రెండుగా మడిచి,
నోట్లకి కూడా నీచు వాసన.

ముసలాయన కళ్ళజోడు తీసి పంచెకి తుడుచుకున్నాడు.
"ఆ పని నాకు రాదు నాయనా.
నేర్పినవాళ్ళు లేరు."

తిట్టుకుంటూ వెళ్ళాడతను, వీధి చివరి కొట్టుకి.

నాకు నవ్వొచ్చింది.
యాభై ఏళ్ళు స్ప్రింగుల కడుపులో చెయ్యి పెట్టినవాడికి
మెలిక ఎక్కడ తిప్పాలో తెలీదా?
అడిగేశాను.
"తెలుసు" అన్నాడు. "రాదు."
ఆ రెండు మాటల మధ్య ఎంత దూరమో
ఇంకా కొలుస్తూనే ఉన్నాను.

టీ తెప్పించాడు, ఖాతాలో రాయమని.
నాకు జాలేసి, పెన్ను మూత తీసి,
"ఇరవై రెండు వేలని రాస్తాను తాతా,
అప్పుడు ఇస్తారు" అన్నాను.
పుణ్యం చేస్తున్నంత మెత్తగా ఉంది నా గొంతు.

ఆయన పాత త్రాసొకటి నా ముందుకి జరిపాడు.
పళ్ళేలు రెండూ ఖాళీ.
ముల్లు కాస్త వణికి, నిలబడింది.
"ఏమీ లేనప్పుడు ఇది ఇక్కడ నిలవాలి సార్.
అంతవరకే నా పని.
పైన ఏం పెడతారో వాళ్ళిష్టం."
టీ ఊదుకుంటూ, కాసేపాగి,
"పదకొండు. పదకొండే రాయండి."

రాశాను.
అప్పు రాలేదు.
కథైతే ఎవరో ఒకరు దారిన పోతూ ఆదుకునేవారు.
కొండితోపులో ఆ వారమంతా వాన, ఎవరూ రాలేదు.
నా టార్గెట్‌లో ఒక కేసు తగ్గింది,
మేనేజరు నా మొహం చూడకుండా మాట్లాడాడు.
మళ్ళీ ఆ వీధికి వెళ్ళలేదు నేను.
దారి కాదని కాదు.

మొన్న పెరంబూరు మార్కెట్లో
మా ఆవిడ వంకాయలు ఏరుతోంది.
నేను వంకాయలు చూడలేదు.
వాటిని వేయకముందు పళ్ళేన్ని చూస్తూ నిలబడ్డాను.
"ఏం సార్, నమ్మకం లేదా?" అంది కొట్టు పిల్ల.
ఉందమ్మా అన్నాను.
అనుమానం దాని మీద కాదని ఎలా చెప్పను?

రాత్రి,
జీతం పడిన మెసేజ్ రెండుసార్లు చదువుకుని,
ఫోను బోర్లా పెట్టి, దీపం ఆర్పి,
మీద ఏమీ లేకుండా పడుకుని
చూసుకుంటాను ఒక్కోసారి.

ముల్లు కాస్త ఎడమకే ఉంది.
పదకొండంటే పదకొండే రాయాలి కదా,
రాస్తున్నాను.